పరీక్ష హాలు బయట చిన్నరసం

మా నూజివీడు స్టేషను నూజివీడులో లేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. బోర్డు మీద పేరు చూసి దిగినవాళ్ళు మళ్ళీ ఏ ఆటోనో ఎక్కి ఊరిని వెతుక్కుంటూ రావాలి. మేముండేది ఆ ఊళ్ళో కూడా కాదు, ముసునూరు వైపు మామిడి తోటల్లో. అందుకే ఆ రోజు సరిగ్గా వెలుతురైనా రాకముందే ఆటో ఎక్కాం. నేనూ, మా కోడలూ, తొమ్మిది నెలల మా మనవరాలూ.

వెళ్ళేది రాజమండ్రికి. మా కోడలికి ఎమ్మేలో ఒక్క పరీక్ష మిగిలిపోయింది. పోయినసారి ఆ పరీక్ష రోజునే నొప్పులొచ్చాయి. హాలుటిక్కెట్టు పర్సులో ఉండగానే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఈసారి కూడా రాయకపోతే పాఠాలు మారిపోతాయట, పాసైనవి కూడా మళ్ళీ మొదటినుంచీ రాయాలట. "ఈసారి కాకపోతే ఇంక వదిలేస్తాను అత్తయ్యా. పాపతో మళ్ళీ అన్నీ చదవడం నా వల్ల కాదు," అంది వారం ముందు, గిన్నెలు సర్దుతూ. కోపంగా అంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. మామూలుగా అంది. అందుకే భయమేసింది.

పాపను ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు వెంట వెళ్ళాలి. మా కోడలమ్మాయికి తల్లి లేదు. మా అబ్బాయి కాయల లారీతో మార్కెట్టుకు వెళ్ళాడు. ఇక మిగిలింది నేను.

"సీజను మధ్యలో ఈ ప్రయాణం ఏంటే? గడ్డిలో కాయ మాగుతోంది, కోతకు మనుషులొస్తున్నారు. వాళ్ళకు టీలెవరు పెడతారు? పరీక్షలు ఎక్కడికి పోతాయి, వచ్చే ఏడు రాసుకోవచ్చు," అన్నారు మా ఆయన.

"కాయ కూడా వచ్చే ఏడు కాస్తుంది కదండీ. ఈ ఏడు కోత మానేయండి మరి," అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆయన బెంగ కోత ఒక్కటే కాదని నాకు తెలుసు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకైనా మొదటి మామిడిపండు తాతే తినిపించాలి. అది కూడా బావి దగ్గరి పెద్ద చెట్టు పండే అయి ఉండాలి. ఆ చెట్టు కింద పీట వేసుకుని, బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పండు పిసికి రసం నాలిక మీద పెడతారు. అప్పటిదాకా బిడ్డ నోటికి మామిడి తగలకూడదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. మా అబ్బాయికి మా మామగారు పెట్టారు. వాడు మొహం వికారంగా పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన పంచె మీద ఉమ్మేశాడు. మా మామగారు ఆ మరక చాలా రోజులు అందరికీ చూపించుకుని తిరిగారు. మొదటిసారి ఏ బిడ్డయినా అంతేనట, మొహం అట్లా పెడితేనే పండు తెలిసినట్టట.

ఇప్పుడు మా ఆయన వంతు వచ్చింది. రోజూ పొద్దున్నే బావి దగ్గరికి వెళ్ళి తల ఎత్తి చూసి, "ఇంకా నాలుగు రోజులు పడుతుంది" అని వచ్చేవారు. మర్నాడూ అదే మాట. తోటంతా కోసినా ఆ చెట్టు మీద మాత్రం చెయ్యి వేయనివ్వలేదు.

బయలుదేరేటప్పుడు ఒక సంచి తెచ్చి ఆటోలో పెట్టారు. సీజన్లో మా వైపువాళ్ళం ఎక్కడికీ వట్టి చేతులతో వెళ్ళం. ఎవరికివ్వాలో తెలియకపోయినా సంచిలో పండ్లుంటాయి. ఆసుపత్రికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఆఖరికి కోర్టుకు వెళ్ళినా ఉంటాయి.

"ఎవరికివ్వను ఇవన్నీ? అక్కడ నాకెవరు తెలుసు?" అన్నాను.

"ఎవరో ఒకరికి ఇయ్యి. చిన్నరసం అంటే ఏంటో గోదావరి వాళ్ళకు కూడా తెలియాలి." తర్వాత గొంతు తగ్గించి, "రైల్లో ఎవరైనా ముద్దుగా ఉందని దాని నోట్లో ఏదో ఒకటి పెడతారు. చూసుకో. మామిడి మాత్రం తగలనియ్యకు," అన్నారు.

సంచిలోకి చూశాను. కాలవ గట్టు మీది చెట్టు కాయలు. వాసన బాగుంటుంది, తీపి కూడా బాగుంటుంది. కానీ పీచెక్కువ. పళ్ళలో ఇరుక్కుంటే సాయంత్రం దాకా నాలికతో తీసుకుంటూ కూర్చోవాలి. పైవాళ్ళకే కదా అని అవి పెట్టారన్నమాట. నాకు నవ్వొచ్చింది కానీ ఆటో కదిలిపోయింది.

రైల్లో కిటికీ దగ్గర సీటు దొరికింది. అమ్మాయి కూర్చోగానే పుస్తకం తీసింది. పాప ఆ పుస్తకం లాగుతోంది. నేను పాపను లాగుతున్నాను. కాసేపటికి పాప నా ఒళ్ళోకొచ్చి నా తాళిబొట్టు నోట్లో పెట్టుకుని ఊరుకుంది.

నేను బోర్డులు చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు నాకు ఈ మధ్య వచ్చాయి. అవి నేర్పింది కూడా ఈ అమ్మాయే. కడుపుతో ఉన్నప్పుడు మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. పగలంతా పడుకుని ఏం తోచక, "ఇట్లా రండి అత్తయ్యా, అ ఆలు నేర్పిస్తాను," అంది. నేను ఊరికే అంటోందనుకున్నాను. పలక తెప్పించింది. అంతకుముందు నాకు తెలిసిందల్లా కాయల పెట్టెల మీద రంగుతో వేసే గుర్తులు. ఏ గుర్తు ఏ వ్యాపారిదో దూరం నుంచే చెప్పేదాన్ని. అదే చదవడమని అనుకునేదాన్ని. యాభై దాటాక తెలిసింది, చదవడం అంటే అంతకుముందు చూడని మాటను కూడా చదవగలగడమని.

అయితే నా చదువుకు రైలు వేగం సరిపోదు. ఆగిన చోట బోర్డు పూర్తిగా చదువుతాను. ఆగని చోట సగమే. వట్లూరు చదివాను. దెందులూరు దగ్గర 'దెందు' అనేసరికి స్టేషను వెళ్ళిపోయింది. "దెందు ఏంటమ్మాయ్?" అని అడిగితే పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "లూరు" అంది. భీమడోలు, చేబ్రోలు అట్లాగే సగం నేనూ సగం తనూ చదివాం. ఎదురు సీట్లో ఒకావిడ మా ఇద్దరినీ చూసి, "ఇద్దరూ పరీక్షకేనా?" అంది. అమ్మాయి నవ్వింది. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు.

"అసలు నీకు రాజమండ్రిలోనే ఎందుకు పెట్టారే ఈ చదువు? ఏలూరులో లేదా?" అన్నాను.

"అది పాత ఊరు అత్తయ్యా. చదువుల ఊరు. తెలుగులో మొట్టమొదటి పెద్ద పుస్తకం రాసింది ఆ ఊళ్ళోనే, వెయ్యేళ్ళనాడు. ఇప్పుడు యూనివర్సిటీ కూడా ఉంది."

"ఆ రాసినాయన ఒళ్ళో పిల్ల ఉందా?"

"ఉండదు లెండి. ఉంటే ఆ పుస్తకం ఇప్పటికీ అయ్యేది కాదు," అని మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయింది.

నవ్వినా తన కాలు మాత్రం ఊగుతూనే ఉంది. తాడేపల్లిగూడెం నుంచి నిడదవోలు దాకా ఊగుతూనే ఉంది. నేను చెయ్యి వేసి ఆపితే ఆగేది, చెయ్యి తియ్యగానే మళ్ళీ ఊగేది. నాకూ నిలకడ లేదు. ఆకాశం వైపు చూస్తున్నాను. వైశాఖంలో మామిడి ఉన్న ఏ మనిషైనా ఆకాశం చూడకుండా ఉండలేడు. పడమట వైపు మబ్బేమీ లేదు. లేకపోయినా చూస్తున్నాను. కొవ్వూరు దాటి గోదావరి మీదికి వచ్చినప్పుడు పాపను కిటికీ దగ్గర నిలబెట్టాను. వంతెన ఇనుపకమ్ములు ఒక్కొక్కటే వెనక్కి వెళ్తుంటే పాప తల కూడా ఒక్కొక్కదాని వెంటే తిరిగింది. "చూడమ్మాయ్, గోదావరి," అన్నాను. అమ్మాయి చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. ఏదో అప్పజెప్పుకుంటోంది.

పరీక్ష యూనివర్సిటీ దగ్గర కాదు, ఊళ్ళోనే ఒక పాత కాలేజీలో. ఎర్ర ఇటుకల గోడలు, నిలువెత్తు కిటికీలు, ఏనుగు కూడా పట్టేంత వరండా. గేటు పక్కన బాదం చెట్టు, దాని కింద సిమెంటు బెంచీ. ఆ బెంచీ మీదే కూర్చుని అమ్మాయి పాపకు పాలిచ్చింది. పాప తాగుతూ తాగుతూ ఆగి, చుట్టుపక్కల వెళ్ళేవాళ్ళను చూసేది. "తాగవే, తాగు," అని అమ్మాయి బతిమాలుతోంది. గంట కొట్టారు. పాప కడుపు సగమే నిండింది. అమ్మాయి పైట సర్దుకుని లేచింది.

"సీసాలో పాలున్నాయి. రాగిజావ ఉంది. గుడ్డలు నీలం సంచిలో," అంది.

"నాకు తెలుసు. సర్దింది నేనే. వెళ్ళు."

"ఏడుస్తుందేమో అత్తయ్యా."

"ఏడిస్తే ఏడుస్తుంది. దాని నోరు, దాని ఇష్టం. నువ్వు మాత్రం బయటికి రావద్దు."

మధ్యలో బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరని ముందే చెప్పారు. తను కూర్చున్నది కింద గదిలోనే. బెంచీ మీద నుంచి చూస్తే ఆ కిటికీ నాకు కనబడుతోంది. కిటికీ పక్కనే తన తల. దూరంగా ఏ మేడ మీదైనా వేసి ఉంటే బాగుండేదనిపించింది.

గేటు దగ్గర వాచ్‌మెన్ ఉన్నాడు. మా ఆయన వయసే ఉంటుంది. వచ్చి, "ఇక్కడ కూర్చోకూడదండి, గేటు బయట ఉండాలండి," అన్నాడు. నేను సంచిలోంచి రెండు పండ్లు తీసి ఇచ్చాను.

"ఏంటమ్మా, లంచమాండి?" అన్నాడు.

"లంచమైతే మంచి పండ్లు ఇచ్చేదాన్ని బాబూ. ఇవి పీచు కాయలు. నూజివీడు నుంచి తెచ్చాను, ఊరికే తిను."

"నూజివీడాండీ! ఆయ్, అట్టా చెప్పండి మరి," అని వాసన చూసుకుని, "కూర్చోండి, కూర్చోండి. ఆ కిటికీల వైపు మాత్రం వెళ్ళకండి. సారు చూస్తే నన్ను తిడతాడు," అని వెళ్ళాడు.

ముందు కాసేపు బాగానే ఉంది. పాప రాలిన బాదం ఆకు పట్టుకుని ఆడింది. ఆ తర్వాత ఒక్కసారిగా తల్లి గుర్తొచ్చినట్టుంది. పెదవి బయటికి పెట్టి ఒక చిన్న ఏడుపు ఏడ్చింది. నేను సీసా తీశాను. ఇంటి దగ్గర వారం రోజులు అలవాటు చేశాం. నా చేతి మీద బాగానే తాగింది కూడా. ఇక్కడ సీసా చూడగానే మోసం చేశారన్నట్టు ఒక చూపు చూసి, చేత్తో కొట్టేసింది. సీసా దొర్లుకుంటూ పోయి మట్టిలో పడింది. రాగిజావ మూత తీస్తే పుల్లటి వాసన కొట్టింది. పొద్దున్న కాచింది, రైలు వేడికి పులిసిపోయింది. నీళ్ళు పట్టాను, ఉమ్మేసింది.

ఇక ఏడుపు పెరిగింది. మా మనవరాలి గొంతు మామూలుది కాదు. ఈ చివర ఏడిస్తే తోట ఆ చివర కోతవాళ్ళు చెట్టు దిగుతారు. నేను భుజాన వేసుకుని గేటు వైపు నడిచాను. దూరంగా వెళ్తే వినబడదని. ఎంత దూరం వెళ్ళినా గొంతు మాతోనే వస్తోంది. రోడ్డు మీద ఎండ. మళ్ళీ వెనక్కి వచ్చాను. కిటికీ వైపు చూశాను. అమ్మాయి తల వంచుకునే ఉంది. అయితే ఆ తల వంచడం ఎట్లాంటిదో నాకు తెలుసు. రాస్తున్న తల కాదు, వింటున్న తల. బిడ్డ ఏడుపు వింటే తల్లికి పాలు దిగుతాయి. జాకెట్టు తడుస్తుంది. ఆ తడి తగిలాక ఏ తల్లి మాత్రం కూర్చోగలదు? ఇంకాసేపట్లో లేచి వచ్చేస్తుంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మా ఆయన.

"ఇదిగో, పడమట మబ్బు పట్టింది. గాలి లేచేట్టుంది. కాయ సగం చెట్టు మీదే ఉంది. మనుషులేమో టీ టీ అంటున్నారు, పంచదార ఎక్కడ పెట్టావు?"

"పైన, ఇత్తడి డబ్బా వెనకాల."

"అదేంటి ఆ ఏడుపు?"

"పాప."

"ఏడుస్తోందని తెలుసులే. ఎందుకు ఏడుస్తోంది? తల్లి దగ్గరికి పంపించెయ్యి. ఒక పరీక్ష కోసం పసిదాని గొంతు ఎండగడతామా? వెంటనే పంపించెయ్యి."

"ఏమండీ, ఇక్కడ సిగ్నలు సరిగ్గా లేదు," అని ఎర్ర గుర్తు నొక్కేశాను.

వాచ్‌మెన్ వచ్చాడు. మూతికి పసుపు రసం, మీసాల్లో పీచు. "అమ్మా, లోపల సారు అడుగుతున్నాడండి, ఎవరి పిల్ల అని. పిల్ల తల్లిని బయటికి పిలవమంటారా?"

"వద్దు. పిలవొద్దు. ఒక్క నిమిషం ఆగు."

"ఆకలేసి ఏడుస్తున్నట్టుందండి. సంచి నిండా పండ్లున్నాయి కదా. ఒకటి పెట్టండి."

"దీనికి ఇంకా మామిడి పెట్టకూడదు బాబూ."

"పడదాండి?"

పడుతుంది. పడకపోవడం కాదు. నేనేమని చెప్పను అతనికి? మా ఇంటి బావి గురించి, పీట గురించి, మా మామగారి పంచె మీది మరక గురించి చెప్పనా? రోజూ పొద్దున్నే తల ఎత్తి నిలబడే మా ఆయన కళ్ళ ముందు కనిపించారు. పక్కకు చూస్తే కిటికీ. అమ్మాయి చెయ్యి బల్ల మీద ఉంది, కలం పట్టుకునే ఉంది, కదలడం లేదు.

సంచిలో చెయ్యి పెట్టాను. వేళ్ళతో నొక్కి చూసి, మెత్తగా మాగిన చిన్న పండొకటి తీశాను. పంపు దగ్గర బాగా కడిగాను. ముచ్చిక గిల్లి, సొన అంతా పిండేసి, మళ్ళీ కడిగాను. పండును రెండు అరచేతుల మధ్య పెట్టి చుట్టూ మెల్లగా పిసికాను, లోపలంతా రసమయ్యేదాకా. ఇవన్నీ చేస్తున్నంతసేపూ చేతులు వాటంతటవే చేశాయి. మనసు మాత్రం ఊరికే అటూ ఇటూ తిరిగింది. బెంచీ మీద కూర్చుని, పాపను ఒళ్ళో వెనక్కి వాల్చి, వేలి మీద ఒక చుక్క పిండి, పీచు లేకుండా చూసి, ఏడుస్తున్న ఆ నోట్లో పెట్టాను.

మొహం వికారంగా పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. అచ్చం వాళ్ళ నాన్నే. ఒళ్ళంతా ఒకసారి జలదరించింది. ఉమ్ముతుందనుకున్నాను. ఉమ్మలేదు. నాలిక ఒకసారి బయటికొచ్చి లోపలికి పోయింది. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఆ తర్వాత రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని లాగింది.

ఇంకో చుక్క. ఇంకొకటి. చివరికి పండు చివరనే నోట్లో పెట్టుకుని జుర్రడం మొదలుపెట్టింది. పీచు రాకుండా నేను పట్టుకున్నాను. గడ్డం మీదుగా, మెడ మీదుగా, గౌను మీదుగా రసం కారింది. ఏడుపు లేదు. కాలేజీ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

"హమ్మయ్యండి," అన్నాడు వాచ్‌మెన్.

నేనూ హమ్మయ్య అనుకుని తల ఎత్తాను. కిటికీలో అమ్మాయి లేచి నిలబడి ఉంది.

ఇంతసేపూ ఏడిస్తే కూర్చున్న మనిషి, ఊరుకున్నాక ఎందుకు లేచింది? కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తోంది. బయటంతా ఎండ, మేమేమో చెట్టు నీడలో. మేం కనబడడం లేదు. సారు కాబోలు, తన వైపు వస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఏడుపు ఆగిపోవడం బయట ఉన్న మాకు మంచిది. లోపల ఉన్నదానికి అది ఏమిటో తెలియదు. ఎవరైనా ఎత్తుకుపోయారా, గుక్క పట్టిందా, ఏమైంది?

కిటికీల వైపు వెళ్ళకండి అన్న మాట కూడా గుర్తు లేదు. పాపను ఎత్తుకుని ఎండలోకి, ఆ ఖాళీ జాగా మధ్యకు పరుగెత్తాను. రెండు చంకల కింద చేతులు వేసి పాపను నా తల మీదికి ఎత్తి పట్టుకున్నాను. మొహమంతా పసుపు, చేతుల్లో పండు, గాలిలో కాళ్ళు ఆడిస్తూ పాప. పండులోంచి రసం నా నెత్తి మీద పడుతోంది. నేను కూర్చో, కూర్చో అని తలతోనే సైగ చేస్తున్నాను.

అమ్మాయి చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అంత దూరానికి తెలియలేదు. కూర్చుంది. తల వంచింది. ఈసారి రాస్తున్న తలే, భుజం కదులుతోంది.

"మీరు నా ఉద్యోగం తీసేలా ఉన్నారండి," అన్నాడు వాచ్‌మెన్ వెనక నుంచి. ఇంకో రెండు పండ్లు ఇచ్చాను.

ఆఖరి గంట కొట్టాక అమ్మాయి అందరికంటే వెనకాల వచ్చింది. జాకెట్టు తడి కనబడకుండా పుస్తకం గుండెకు అడ్డం పెట్టుకుంది. పాపను తీసుకుని చెట్టు వెనక్కి వెళ్ళి పాలు పట్టింది. ఈలోగా నేను సీసా ఏరుకుని సంచి సర్దాను.

రైలెక్కాక అంది, "అది ఏడుస్తున్నంతసేపూ ఆగి ఆగి ఎట్లాగో రాయగలిగాను అత్తయ్యా. సగం సగం అయినా రాశాను. ఊరుకుంది చూడండి, అప్పుడు చెయ్యి పూర్తిగా ఆగిపోయింది. ఇంక వచ్చేద్దామనే లేచాను."

"మరి అంతా రాశావా?"

"రాశాను. ఒక్కటి కూడా వదల్లేదు. చివరిది మాత్రం అక్షరాలు మీ అక్షరాల్లా వచ్చాయి."

"అయితే చదవడం కష్టమే పాపం, దిద్దేవాళ్ళకి."

నవ్వి, పాప గౌను వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. గౌను ముందు భాగమంతా మామిడి మరక. అది సబ్బుకు పోయేది కాదు.

"మావయ్యగారికి ఏం చెబుతారు?" అంది మెల్లగా.

"ఏం చెబుతాను? చూద్దాం."

"గౌను మార్చేస్తాను. మొహం కడుగుతాను. చెప్పకండి అత్తయ్యా. నాలుగు రోజులు పోయాక ఆయన పెడితే అదే మొదటిసారి అనుకుంటారు. ఆయన సరదా తీరుతుంది."

తను గౌను మార్చింది. తడిగుడ్డతో మెడ మడతల్లో కూడా తుడిచింది. నిడదవోలు దాటేసరికి ఆకాశం నల్లబడింది. కిటికీ షట్టర్లు వేయమని ఎవరో కేకేశారు. దుమ్ము లేచింది. రైల్లోంచి చూస్తుంటే అరటి చెట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మా ఆయనకు ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. గాలి వచ్చినప్పుడు ఫోను ఎత్తే మామిడి రైతు ఉండడు. దెందులూరు వచ్చింది. బోర్డు వైపు చూడను కూడా లేదు.

మా తోట దగ్గర ఆటో దిగేసరికి ఇంకా వెలుగుంది. గాలి తగ్గిపోయింది. దారి పొడుగునా కాయలు రాలి ఉన్నాయి, కాలు పెట్టే చోటు లేదు. కోతవాళ్ళు గంపల్లోకి ఏరుతున్నారు. మా ఆయన బావి దగ్గర పీట మీద కూర్చుని ఉన్నారు. పెద్ద చెట్టు కింద నేలంతా పచ్చికాయలే. ఆయన చేతిలో ఒక్క పండు.

"మొత్తం దులిపేసింది," అన్నారు. "పైకొమ్మన ఇదొక్కటే పండింది. నాకే తెలియలేదు అక్కడొకటి పండిందని. మట్టి కూడా అంటలేదు, గడ్డి మీద పడింది." పండు తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నారు. ఎన్నిసార్లు తుడిచారో, నిగనిగలాడుతోంది. "ఇంక నాలుగు రోజులూ లేవు, ఏమీ లేవు. ఇటు తీసుకురా దాన్ని."

అమ్మాయి నా వైపు చూసింది. నేను పాపను ఇచ్చాను.

ఆయన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ముచ్చిక తీసి, సొన పిండి, పండు పిసికి, వేలి మీద చుక్క వేసుకున్నారు. "ఇప్పుడు చూడండి దాని మొహం," అన్నారు, మమ్మల్నందరినీ పిలుస్తున్నట్టు.

పాప వేలు వైపు చూడలేదు. పండు వైపు చూసింది. రెండు చేతులూ చాపి, వంగి, పండును లాక్కుని, చివర నోట్లో పెట్టుకుని, చప్పుడొచ్చేలా జుర్రింది. కళ్ళు మూయలేదు. మొహం వికారంగా పెట్టలేదు. ఎన్నో సీజన్ల నుంచి తింటున్న ముసలమ్మలాగా తింది.

ఆయన వేలు గాలిలోనే ఉండిపోయింది. దాని మీది చుక్క కారి మణికట్టు దాకా వచ్చింది. పాపను చూశారు. అమ్మాయిని చూశారు. ఆఖరికి నన్ను చూశారు.

"ఎక్కడ?" అన్నారు.

"రాజమండ్రిలో. పరీక్ష జరుగుతుంటే. ఏం పెట్టినా ఊరుకోలేదు."

"ఎవరి కాయ?"

"మనదే."

"మనది ఏ చెట్టు?"

"గట్టు మీది చెట్టు."

"గట్టు మీది చెట్టా?" పీట మీద నుంచి లేవబోయి, ఒళ్ళో పాప ఉందని మళ్ళీ కూర్చున్నారు. "ఆ పీచు కాయా? ఇన్ని చెట్లుండగా, దీని మొదటి పండు ఆ పీచు కాయా?"

"సంచి సర్దింది మీరే కదండీ."

ఏరేవాళ్ళలో ఒకామె నవ్వు ఆపుకోలేక గంప మీదికి వంగిపోయింది. ఆయన ఆమె వైపు తీక్షణంగా చూశారు, ఆ తర్వాత రాలిన కాయల వైపు చూశారు.

"పరీక్ష ఏమైంది?" అన్నారు, ఎవరినీ చూడకుండా.

"అంతా రాశాను మావయ్యగారూ," అంది అమ్మాయి.

"ఊఁ." తువ్వాలుతో మణికట్టు తుడుచుకున్నారు. "అయితే సరే."

ఆ తర్వాత పాపతో, "ఇటియ్యి తల్లీ, పైన తొక్క నోటికి తగిలేట్టుంది, తీసి ఇస్తాను," అంటూ పండు పట్టుకోబోయారు. పాప ఇవ్వలేదు. గట్టిగా లాగితే ఏడుస్తుందేమోనని ఆయనా లాగలేదు. ఆయన పంచె మీద రసం కారుతుంటే, కదలకుండా అట్లాగే కూర్చున్నారు.